ముద్రకు పూచీ ఎవరిది?

(నాచారంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసానికి తన పేరు పెట్టవద్దని సారు ముందే చెప్పి వెళ్లారు. ఆహ్వానపత్రంలోనూ, రేపు అచ్చయ్యే పుస్తకంలోనూ ఆయన పేరు కనిపించదు. నేనూ 'సారు' అనే అంటాను. ఇక్కడ కూర్చున్న సగం మందికి అదే చాలు.

ఆయన ప్రభుత్వ కళాశాలలో చరిత్ర చెప్పేవారు. ఆయన దగ్గర చదువుకోని వాళ్లు కూడా ఆయన్ని ఎరుగుదురు. కారణం ఆకుపచ్చ సిరా. ఆయనకు గెజిటెడ్ హోదా ఉండేది. ఆ రోజుల్లో ఉద్యోగానికైనా, సీటుకైనా, స్కాలర్‌షిప్పుకైనా సర్టిఫికెట్ల జిరాక్సులు పట్టుకుని గెజిటెడ్ అధికారి ఆకుపచ్చ సంతకం కోసం తిరగాలి. నాచారం, మల్లాపూర్, హబ్సిగూడ పిల్లలంతా ఆదివారం పొద్దున ఆయన వరండాలో వరసగా కూర్చునేవాళ్లు. ఉప్పల్ నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి నేనూ ఆ వరసలో కూర్చున్నాను.

మొదటిసారి నన్ను తిప్పి పంపేశారు. జిరాక్సులు తెచ్చాను, ఒరిజినల్ తేలేదు. "సార్, మా నాన్న మీకు తెలుసు" అన్నాను. "మీ నాన్న తెలుసు నాయనా, నీ మార్కులు తెలియవు" అన్నారు. మళ్లీ ఉప్పల్ వెళ్లి తెచ్చాను. ఒరిజినల్ మీది విశ్వవిద్యాలయ చిహ్నం దగ్గర వేలు పెట్టి, "ఇది ఏమిటి?" అని అడిగారు. "ఎంబ్లం సార్" అన్నాను. "అది పేరు. ఏమి చేస్తుంది?" అన్నారు. జవాబు తోచలేదు. ఇవాళ్టి ఉపన్యాసం ఆ ప్రశ్నకు నలభై ఏళ్లు ఆలస్యంగా నేను రాసుకొచ్చిన జవాబు అనుకోండి.

లాంఛనం అనే మాట

కళాశాల చిహ్నానికి తెలుగులో సరైన మాట 'లాంఛనం'. గుర్తు, ముద్ర అని అర్థం. వరాహ లాంఛనం, సింహ లాంఛనం అని శాసనాలు చదివేవాళ్లు ఇప్పటికీ అంటారు. కానీ వాడుకలో ఈ మాటకు ఏ గతి పట్టిందో చూడండి. పెద్దవాళ్లు పోతే ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేస్తాం. పెళ్లిలో ఆడపడుచు లాంఛనాల దగ్గర పేచీ పడతాం. ఏ పనైనా మనసు పెట్టకుండా చేస్తే 'లాంఛనప్రాయంగా కానిచ్చారు' అంటాం. ఒకప్పుడు రాజు మాటకు ప్రాణంగా ఉన్న పదం, ఇవాళ ప్రాణం లేని పనికి పేరైంది.

దాని తోబుట్టువు 'ముద్ర' మాత్రం చెడలేదు. చెరగని ముద్ర వేశారంటాం, ఆమోదముద్ర పడిందంటాం. ముద్ర పడితే పని అయినట్టే. ఒక కళాశాల చిహ్నం ముద్రగా బతుకుతోందా, లాంఛనంగా మిగిలిందా అన్నదే నా విషయం. కాస్త వెనక నుంచి రావాలి.

రాగిరేకుల ఉంగరం

తెలుగు నేల మీద లాంఛనం బాగా కనిపించే చోటు రాగిశాసనం. రేకులకు ఒక పక్కన బెజ్జం వేసి, రాగి కడియం దూర్చి, కడియం కొనలు రెండూ కలిసే చోట ముద్ర అతుకుతారు. ముద్ర పగలగొట్టకుండానో, కడియం కోయకుండానో కొత్త రేకు దూర్చడం, పాతది తీయడం కుదరదు. అలంకారం సంగతి తరువాత. ముందు అది తాళం.

వేంగీ చాళుక్యుల ముద్రల మీద 'శ్రీ త్రిభువనాంకుశ' అని బిరుదు ఉంటుంది. వరాహం, అంకుశం, సూర్యచంద్రులు, కింద పద్మం. ఈ బొమ్మల్లో ఏదీ ఊరికే వచ్చింది కాదు. వరాహం విష్ణువు అవతారం, మునిగిన భూమిని పైకెత్తినది. భూమిని దానమిచ్చే పత్రం మీద భూమిని నిలబెట్టిన మూర్తి ఉండటం సబబే కదా. అంకుశం బిరుదులోని మాటకు బొమ్మ. సూర్యచంద్రులను చూస్తే శాసనంలోని 'ఆచంద్రార్కం' అనే మాట గుర్తుకొస్తుంది. సూర్యుడూ చంద్రుడూ ఉన్నంత కాలం ఈ దానం చెల్లుతుందని ఒడంబడిక. అక్షరం రాని రైతు కూడా ముద్ర మీది ఆ రెండు గుర్తులు చూసి గడువు ఎంతో చదువుకోగలడు.

కాకతీయులూ వరాహాన్నే పెట్టుకున్నారు. విజయనగరం వారు వరాహానికి కత్తిని తోడు చేశారు. బంగారు నాణెం మీద నిలిచిన ఆ జంతువు పేరు నాణేనికే స్థిరపడింది. వరహా అంటే మనకు ముందు గుర్తొచ్చేది డబ్బు, తరువాతే దేవుడు.

సారు తరచు చెప్పే శాసనం ఒకటుంది, 1053 నాటి నందంపూడి శాసనం. రాజరాజనరేంద్రుడు నారాయణభట్టుకు నందంపూడి అగ్రహారం ఇచ్చిన పత్రం అది. రాసినవాడు నన్నయ. భారత రచనలో తనకు తోడు నిలిచిన పండితుడికి రాజు చేసిన సత్కారానికి ఆ కవే పత్రం రాశాడు. "చదువుకున్నవాడికి రాజ్యం ఇచ్చిన పట్టా అది. మీ డిగ్రీకి ముత్తాత" అనేవారు సారు. క్లాసంతా నవ్వేది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాటలో అతిశయోక్తి ఏమీ లేదు.

డాలు మీది బొమ్మ

పడమటి దేశాల కథ వేరు. పన్నెండో శతాబ్దంలో అక్కడి యోధులు ముఖం కప్పే శిరస్త్రాణాలు పెట్టుకుని పోరాడేవాళ్లు. ఎవరు ఎవరో తెలియాలి కనుక డాలు మీద రంగులు, గీతలు, జంతువులు వేసుకున్నారు. అవి కుటుంబానికి వారసత్వంగా వచ్చాయి. వాటి లెక్క చూసేందుకు హెరాల్డులు అనే అధికారులు వచ్చారు. లండన్‌లో వాళ్ల సంస్థకు 1484లో రాజపత్రం దొరికింది. దూరం నుంచి కనబడాలి కాబట్టి ఒక నియమం పుట్టింది. బంగారు, వెండి వన్నెలను ఒక జట్టుగా, ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ లాంటి రంగులను ఇంకో జట్టుగా విడదీసి, ఒక జట్టులోని వన్నె మీద అదే జట్టులోని మరో వన్నె బొమ్మ వేయకూడదన్నారు. ఇవాళ రోడ్డు పక్క బోర్డులు రాసే పెయింటరు కూడా ఇదే పాటిస్తాడు.

డాలు మీది బొమ్మ 'నేను ఫలానా' అని చెబుతుంది. కడియం మీది ముద్ర 'ఈ మాట నాది' అని చెబుతుంది. మొదటిది గుర్తింపు, రెండోది పూచీ. పడమటి దేశాల్లోనూ ముద్రలు ఉన్నాయి, మన దగ్గరా టెక్కేలు, జెండాలు ఉన్నాయి. కానీ ఎవరి ఊహ ఎక్కడ మొదలైందో చూస్తే ఈ తేడా కనబడుతుంది. విశ్వవిద్యాలయాలకు వచ్చేసరికి అక్కడా డాలు మీదికి పుస్తకం ఎక్కింది. ఆక్స్‌ఫర్డ్ చిహ్నంలో మూడు కిరీటాల నడుమ తెరిచిన పుస్తకం, దానికి ఏడు ముద్రలు. ప్రభువే నా వెలుగు అనే కీర్తన భావం దాని ధ్యేయవాక్యం.

డాలు ఆకారం మన సంస్థానాలకు పెద్ద ఎత్తున వచ్చింది 1877లో. విక్టోరియా రాణి చక్రవర్తినిగా బిరుదు తీసుకున్న సందర్భంలో, జనవరి 1న లిట్టన్ ప్రభువు ఢిల్లీలో దర్బారు చేసి సంస్థానాధీశులకు జెండాలు పంచాడు. రాబర్ట్ టేలర్ అనే బెంగాల్ సివిల్ సర్వీసు అధికారి ఐరోపా పద్ధతిలో వాటి మీది చిహ్నాలు కూర్చాడు. హైదరాబాద్ తరఫున సాలార్‌జంగ్ వెంట వెళ్లిన నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు అప్పటికి పదేళ్లు. తన ఇంటి గుర్తు ఏమిటో మరొకరు గీసి చేతిలో పెట్టారు.

ఆసఫ్‌జాహీల సొంత జెండా కథ అంతకంటే ఎంతో రుచైనది. పసుపు పచ్చని జెండా నడుమ ఒక గుండ్రని గుర్తు, పేరు కుల్చా. అంటే రొట్టె. మొదటి నిజాం నవాబు కాకముందు ఒక సూఫీ సాధువు దగ్గర ఆకలితో ఏడు కుల్చాలు తిన్నాడనీ, ఏడు తరాలు ఏలుతావని ఆయన దీవించాడనీ హైదరాబాదీలు చెప్పుకుంటారు. నిజమో కాదో చరిత్ర పుస్తకాలకు వదిలేద్దాం. సింహం, గద్ద, కత్తి పెట్టుకునే లోకంలో ఒక రాజ్యం తాను తిన్న రొట్టెను జెండా మీద నిలుపుకుంది. ఉప్పు తిన్న ఇంటిని మరిచిపోనని చెప్పడం కూడా పూచీయే.

కోఠీ నుంచి వాల్తేరు దాకా

ఇక కళాశాలల్లోకి వద్దాం. మన ఊళ్లోనే ఒక విచిత్రం ఉంది. కోఠీ మహిళా కళాశాల నడిచిన భవనం ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కాలంలో, పంతొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో కట్టారు. ఎత్తైన స్తంభాల మీది ముక్కోణపు గోడలో ఈస్టిండియా కంపెనీ చిహ్నం చెక్కి ఉంది. మెట్ల పక్కన సింహాలు. అది ఎవరి ఇల్లో వచ్చినవాళ్లకు చెప్పడానికి చేసిన ఏర్పాటు ఇదంతా. స్వాతంత్ర్యం వచ్చాక, 1949 నుంచి ఆ మెట్లే ఎక్కి తెలంగాణ ఆడపిల్లలు చదువుకున్నారు. కంపెనీ చిహ్నాన్ని ఎవరూ చెక్కి పారేయలేదు. ఆ చిహ్నం కింద బేరాలు, సంధిపత్రాలు నడిచిన కాలం పోయి, పరీక్షలు నడిచిన కాలం వచ్చింది. రాయి మారలేదు, కింద నడిచే మనుషులు మారారు. ఒక చిహ్నం ఓడిపోవడానికి దాన్ని తీసేయనక్కరలేదని నాకు ఆ గోడ నేర్పింది.

దీనికి ఎదురు కొసన, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. 1926లో పుట్టినప్పుడు కట్టమంచి రామలింగారెడ్డి ఉపకులపతి. బందరుకు చెందిన చిత్రకారుడు కౌతా రామమోహనశాస్త్రి ఆయన సూచనల మీద చిహ్నం గీశాడు. డాలు లేదు, పద్మం ఉంది. ఉదయిస్తున్న సూర్యుడు విశ్వవిద్యాలయం, కిరణాలు దానిలోని శాఖలు. పద్మం లక్ష్మికీ సరస్వతికీ ఆసనం. స్వస్తికం మంగళం. రెండు పాములు జ్ఞానాన్ని వెతికే, కాపాడే వివేకం. బయటి పద్మానికి అరవై నాలుగు రేకులు, అరవై నాలుగు కళలకు. మా చదువు తేజోవంతమగుగాక అనే ఉపనిషత్ ప్రార్థన దాని వాక్యం. లెక్క పెడితే తేలే చిహ్నం ఇది. అందుకే నాకు ఇష్టం. 'కళలు' అని గాలిలో చెప్పకుండా అరవై నాలుగు రేకులు గీసి చూపించాడు ఆ కళాకారుడు.

ఉస్మానియా: తీసినవి, ఉంచినవి

నాచారం డిగ్రీ కళాశాలల పిల్లల పట్టా మీద పడేది ఉస్మానియా ముద్ర. కనుక ఇక్కడ కాసేపు నిలబడదాం.

ఉస్మానియా 1918లో వెలిసింది, తరగతులు 1919లో మొదలయ్యాయి. ఇంగ్లిషు కాకుండా ఉర్దూ బోధనభాషగా విశ్వవిద్యాలయం నడపడం అప్పట్లో సాహసం. పుస్తకాలు లేవు కనుక అనువాద సంస్థనే ముందు పెట్టుకున్నారు. తొలి చిహ్నంలో పైన నిజాం కిరీటం. 'వెలుగు మీద వెలుగు' అనే అర్థమున్న ఖురాన్ మాట. ఇంకా, తాను జ్ఞాననగరమనీ అలీ దానికి ద్వారమనీ ప్రవక్త చెప్పినట్టు ప్రసిద్ధమైన హదీసు. అరబ్బీ లిపి తెలిసినవారికి అందులో ఒక చమత్కారం కనబడుతుంది. జ్ఞానమనే అర్థమున్న ఇల్మ్, అలీ పేరు, స్థాపకుడైన ఉస్మాన్ పేరు మూడూ 'ఐన్' అనే ఒకే అక్షరంతో మొదలవుతాయి.

1948 తరువాత రాజ్యం మారింది, బోధనభాష మారింది, చిహ్నమూ మారింది. కిరీటం పోయింది. తెలుగు అక్షరాలు వచ్చాయి. చీకటి నుంచి వెలుగుకు నడిపించమనే ఉపనిషత్ ప్రార్థన ధ్యేయవాక్యమైంది. దీన్ని చూసి ఒకరు నష్టమంటారు, ఒకరు న్యాయమంటారు. ఇద్దరి వాదనలూ నేను విన్నాను. కిరీటం పోవడం సహజమే, రాజు లేని చోట కిరీటం అబద్ధం చెబుతుంది. తెలుగు అక్షరాలు రావడం ఆలస్యంగా జరిగిన న్యాయం, ఈ నేల మీద ఎక్కువమంది ఇంటిభాష అది. అయితే నగరమూ ద్వారమూ అన్న ఉపమానం మాత్రం పోయి ఉండకూడదని నాకు అనిపిస్తుంది. మతం సంగతి పక్కన పెట్టినా, చదువుకు ఒక ద్వారం ఉంటుందనీ అది తెరిచి ఉండాలనీ చెప్పడానికి అంతకంటే మంచి బొమ్మ ఏముంది?

కాస్త దూరం జరిగి చూస్తే మాత్రం మారనిది ఒకటి కనబడుతుంది. వెలుగు మీద వెలుగు. చీకటి నుంచి వెలుగు. ఆక్స్‌ఫర్డ్‌లో ప్రభువు వెలుగు. వాల్తేరులో తేజస్సు. నాలుగు మాటలు, మూడు మతాల గ్రంథాలు, ఒకటే దీపం. ఎవరినీ ఎవరూ అడగకుండానే చదువు దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒకే వస్తువును తెచ్చారు.

ఇంటికి గుర్తు లేనివాడు

మన నాచారంలోనే ఒక మహిళా కళాశాలకు సెయింట్ పయస్ టెన్త్ పేరు ఉంది. ఆ పదో పయస్ ఎవరో పిల్లలకు తెలిస్తే బాగుంటుంది. అసలు పేరు జుసెప్పె సార్తో. 1835లో ఇటలీలోని రియెసె అనే పల్లెలో పుట్టాడు. తండ్రి ఊరి టపా మనిషి, తల్లి బట్టలు కుట్టేది. అలాంటి ఇంటికి డాలు లేదు, బొమ్మ లేదు. 1884లో మాంటువాకు బిషప్ అయినప్పుడు ఆయనకు ఒక చిహ్నం కావలసి వచ్చింది, పదవికి ఆ సంప్రదాయం ఉంది కనుక.

ఆ చిహ్నంలో అలలు రేగిన సముద్రం, అందులో లంగరు, పైన నక్షత్రం. క్రైస్తవ సంప్రదాయంలో లంగరు ఆశకు గుర్తు, సముద్రం మీది నక్షత్రం మరియమ్మకు. 1893లో వెనిస్‌కు పాట్రియార్క్‌గా వెళ్లాక పై భాగంలో సెయింట్ మార్క్ రెక్కల సింహం చేరింది. వెనిస్ రాజ్యం జెండాలో ఆ సింహానికి నేల ఎరుపు. ఈయన తెలుపు నేల మీద నిలిపాడు. అదే సింహం, నేల రంగు మారగానే రాజ్యానిది కాకుండా సువార్తికుడిది అయింది. 1903లో పోపు అయినా ఆ లంగరునే ఉంచుకున్నాడు. 1954లో ఆయనను పునీతుడిగా ప్రకటించారు.

తాతల నాటి డాలు లేనివాడు తన గుర్తును తానే కూర్చుకున్నాడు. ఇంట్లో మొదటి డిగ్రీ మీదే అయిన పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఈ కథ ముఖ్యంగా మీ కోసం చెప్పాను.

ఒక కమిటీ కథ

నేను లెక్చరరుగా చేరిన కొత్తల్లో ఒక కళాశాల తన చిహ్నం కోసం కమిటీ వేసింది. అందులో నన్నూ వేశారు. పేరు చెప్పను. ఒకరు పుస్తకం ఉండాలన్నారు. ఒకరు దీపం అన్నారు. సైన్సు వాళ్లు అణువు అడిగారు. పారిశ్రామికవాడ దగ్గర ఉన్నాం కాబట్టి పళ్లచక్రం కావాలన్నారు ఇంకొకరు. హంస, పద్మం, భూగోళం, ఒక పావురం కూడా చేరాయి. ఎవరినీ నొప్పించడం ఇష్టం లేక అన్నీ గుండ్రంలో ఇరికించాం. పెళ్లి పందిట్లో సామాన్ల గదిలా తయారైంది. లెటర్‌హెడ్ మీద చిన్నదిగా అచ్చు వేస్తే సిరా మరకలా కనబడింది.

ఆ కాగితం పట్టుకుని సారు దగ్గరికి వెళ్లాను. చాలాసేపు చూసి, "వీటిలో మీ కాలేజీ దేనికి పూచీ పడగలదు?" అన్నారు. అర్థం కాలేదు. "దీపం పెట్టారు. సాయంత్రం ఆరు తర్వాత లైబ్రరీలో లైటు వెలుగుతుందా? భూగోళం పెట్టారు. జాగ్రఫీ లెక్చరరు ఉన్నారా? చక్రం పెట్టారు. వర్క్‌షాపు తాళం ఎవరి దగ్గర ఉంది?" ఒక్కొక్కటీ పెన్సిలుతో కొట్టేస్తూ వచ్చారు. చివరికి పుస్తకం ఒక్కటే మిగిలింది. "ఇది ఉంచండి. మూసి ఉన్నట్టు గీయించండి. పిల్లలు తెరుస్తారు" అన్నారు.

కమిటీ దాన్ని ఒప్పుకోలేదు. సామాన్ల గదే ఖాయమైంది. కానీ ఆ పెన్సిలు గీతలు నాకు పాఠమయ్యాయి. చిహ్నంలోని ప్రతి బొమ్మా ఒక ప్రామిసరీ నోటు. దీపం గీసిన కళాశాల దీపం బాకీ పడింది. తూర్పున సూర్యుణ్ణి గీసినది తెల్లవారడం బాకీ పడింది. ఆ బాకీ తీర్చుతూ ఉన్నన్నాళ్లు అది ముద్ర. తీర్చడం మానేసిన రోజున లాంఛనప్రాయం.

కాబట్టి విద్యార్థులకు నా మనవి ఒకటే. పట్టా చేతికి వచ్చాక మార్కుల పేజీ చూసి ఫ్రేము కట్టించేయకండి. చిహ్నంలో ఏమేమున్నాయో లెక్క పెట్టండి. అందులో దేన్ని మీ చదువు నిజంగా ఇచ్చిందో, ఏది ఇంకా బాకీ ఉందో రాసుకోండి. బాకీ ఉన్నది అడగండి. అడగడానికి సిగ్గుపడకండి, నోటు రాసిచ్చింది వాళ్లే. అధ్యాపకులకూ అదే మాట. ఆ ముద్ర కింద సంతకం పెట్టే అధికారి ఒక్కరే. పూచీ మాత్రం పాఠం చెప్పే మనందరిదీ.

ఆకుపచ్చ సిరా

సారు రిటైరైన రోజున తన హోదా రబ్బరు స్టాంపును, ప్యాడుతో సహా, ఆఫీసులో అప్పగించి రసీదు తీసుకున్నారు. మరుసటి ఆదివారం అలవాటు కొద్దీ నలుగురు పిల్లలు వరండాలో కూర్చున్నారు. ఆ వేళ నేనూ అక్కడే ఉన్నాను. "ఇక నా సంతకం చెల్లదు నాయనా" అన్నారు. పిల్లల ముఖాలు చిన్నబోయాయి. సారు లోపలికి వెళ్లి చొక్కా తొడుక్కుని వచ్చారు. నలుగురినీ వెంటబెట్టుకుని రెండు వీధుల అవతల ఉన్న ఇంకో లెక్చరరు ఇంటికి నడిచారు.

అక్కడ ఆ లెక్చరరు పెన్ను తీసి గబగబా సంతకాలు మొదలుపెట్టబోతే, సారు ఆయన చేయి పట్టుకుని ఆపారు. "ఒరిజినల్స్ తెచ్చారు. ముందు చూడు" అన్నారు.